ఎనిమిదేళ్ళు వాడాక నా లెన్స్ క్లీనింగ్ సామాను గురించి

కాకినాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు తీయడం నా పని. 24-70 జూమ్ లెన్స్ కొని ఎనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో దాని మీద పడని కుంకుమ లేదు, పట్టని హోమం పొగ లేదు. దాన్ని తుడవడానికి వాడేవి నాలుగే: రబ్బరు బ్లోయర్, లెన్స్ పెన్, మైక్రోఫైబర్ బట్టలు, చిన్న స్ప్రే సీసాలో క్లీనింగ్ లిక్విడ్. వీటిలో కొన్ని అరిగిపోయి మళ్ళీ కొన్నాను, ఒకటి మాత్రం మొదటిరోజు కొన్నదే.

ముందు నా పాత 50 ఎంఎం లెన్స్ మీద ఉన్న గీత సంగతి చెప్పాలి. పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పెళ్ళిలో తలంబ్రాలు పోస్తున్నప్పుడు మరీ దగ్గరికి వెళ్ళాను. దోసిట్లోంచి జారిన బియ్యం, పసుపు గాజు మీద పడ్డాయి. తర్వాతి ఫోటో ఎక్కడ పోతుందోనన్న కంగారులో చొక్కా అంచుతో గట్టిగా ఒక్కసారి తుడిచాను. రాత్రి ఇంటికొచ్చి లైటు కింద పెట్టి చూస్తే వెంట్రుకంత గీత, వంపు తిరిగి ఉంది. రిపేరు చేసే ఆయన చూసి, "పైన కోటింగ్ లేచిపోయిందండీ, ఇక తుడిస్తే పోయేది కాదు" అన్నారు. గీసింది బియ్యం కాదు, దాంతోపాటు వచ్చిన ఇసుక నలుసు. ఇసుకలోని క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం, ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ స్కేలు మీద 7. లెన్సులకి వాడే గాజు చాలావరకు అంతకంటే మెత్తన. మధ్యలో ఇసుక ఉన్నాక పట్టుబట్టతో తుడిచినా గీత పడుతుంది.

అప్పట్నుంచి బ్లోయర్ వాడకుండా గాజుని ముట్టుకోలేదు. రాకెట్ ఆకారంలో, అడుగున గాలి పీల్చుకునే వాల్వు ఉన్న రకం నాది. ఆ వాల్వు చూసుకుని కొనండి. అది లేని చవక బ్లోయర్లు ముక్కులోంచే గాలి లాక్కుంటాయి, అంటే ఇప్పుడే ఊదిన దుమ్మునే లోపలికి పీల్చి మళ్ళీ లెన్స్ మీద కొడతాయి. నేను ముందు రెండుసార్లు గాల్లోకి ఊది, తర్వాత లెన్స్‌ని నేలవైపు వంచి కిందనుంచి ఊదుతాను. లేచిన దుమ్ము మళ్ళీ గాజు మీద వాలకుండా కిందికి రాలిపోతుంది. పెళ్ళి పనిలో మురికి సగానికి పైగా ఇక్కడే పోతుంది, ముఖ్యంగా కుంకుమ. కుంకుమకి తడి తగిలిందా, పొడి కాస్తా ఎర్రటి ముద్దై అంచు సందులోకి దిగుతుంది. అందుకే అది పూర్తిగా పొడిగా పోయేదాకా లిక్విడ్ జోలికి వెళ్ళను. నేను మొదట కొన్నది ఈ బ్లోయరే. రబ్బరు కొంచెం గట్టిపడింది తప్ప ఇంకా బాగానే ఉంది.

డబ్బాల్లో వచ్చే కంప్రెస్డ్ గాలి కూడా ఒక సీజన్ వాడి మానేశాను. డబ్బా కొంచెం వంగితే లోపలి ద్రవం చల్లగా గాజు మీద చిమ్ముతుంది, ఎండితే మరక.

లెన్స్ పెన్ మీద నాకున్నది సగం ఇష్టమే. ఒక కొసన బ్రష్, రెండో కొసన కార్బన్ పొడి అంటిన మెత్తటి చివర. వేలిముద్రకి ఇంత త్వరగా పనిచేసేది ఇంకోటి లేదు, మండపంలోనే పది సెకన్లలో అయిపోతుంది. కాని ఆ చివరకి ఒక్క నలుసు అంటుకుంటే తర్వాత ప్రతిసారీ దాన్నే గాజు మీద రుద్దుతాం, కడిగే వీలు లేదు. తడి మీద కూడా పనికిరాదు. ఏడాదిన్నరకో రెండేళ్ళకో మార్చేస్తున్నాను. బ్రష్‌ని వేళ్ళతో ముట్టుకోకండి. చర్మం జిడ్డు వెంట్రుకలకి అంటి, అక్కడినుంచి గాజుకి చేరుతుంది. నా అసిస్టెంట్ కుర్రాడికి ఇది అలవాటవడానికి ఏడాది పట్టింది.

లిక్విడ్ విషయంలో నాకు పాఠం నేర్పింది ఉప్పాడ సముద్రతీరం. ప్రీవెడ్డింగ్ షూట్‌కి తెల్లవారుజామున అక్కడికి వెళ్తే, గంటలో లెన్స్ మీద కంటికి సరిగ్గా కనిపించని పొర తయారవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న లిక్విడ్‌తో ఎంత తుడిచినా తెల్లటి చారలే మిగిలేవి. ఉప్పు ఆల్కహాల్‌లో పెద్దగా కరగదు, నీళ్ళలో కరుగుతుంది. ఇప్పుడు ముందు ఊది, బట్ట మూలకి డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి, నొక్కకుండా అద్దుతాను. ఉప్పు కరిగాక బట్ట మార్చి లిక్విడ్‌తో మధ్యనుంచి అంచుకి గుండ్రంగా తుడుస్తాను. హోమంలో నెయ్యి పొగ జిడ్డుకి మాత్రం నీళ్ళు పనిచేయవు, అక్కడ ఆల్కహాల్ లిక్విడ్డే కావాలి. ఏదైనా బట్ట మీదే చల్లాలి. నేరుగా గాజు మీద కొడితే అంచు రింగు సందులోంచి లోపలికి దిగుతుంది. ఇంట్లో అద్దాలు తుడిచే అమోనియా ద్రవాలు, గోళ్ళరంగు చెరిపే అసిటోన్ దగ్గరికి కూడా రానివ్వకండి. అసిటోన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆరు కొన్నాను, ఒక్కో పెళ్ళికి ఒక్కటి, జిప్ కవర్లో. మామూలు సబ్బుతో ఉతికి నీడన ఆరేస్తాను. బట్టలు మెత్తబడటానికి కలిపే ద్రవం వేస్తే అది గాజు మీద పొర కడుతుంది.

జూమ్ రింగు రబ్బరు గాడుల్లో ఇరుక్కున్న పసుపు మాత్రం ఈ నాలుగింటికీ లొంగదు. పొడి మెత్తటి టూత్‌బ్రష్‌తో గీసి, పిండిన తడిబట్టతో తుడుస్తాను. పసుపు ఛాయ మిగులుతూనే ఉంది, నేనూ వదిలేశాను.

చాలామంది లెన్స్ ముందువైపు గాజు గురించే బెంగపడతారు. దాని మీద నాలుగు నలుసులుంటే ఫోటోలో కనిపించవు, నేను వాటిని అలాగే ఉంచేస్తాను. కెమెరావైపు ఉండే వెనక గాజు మీద వేలిముద్ర పడితే మాత్రం అప్పుడే తుడవాలి. దీపాలకి ఎదురుగా తీస్తే మసక వెంటనే తెలుస్తుంది. మొన్న అన్నవరం కొండ మీద పెళ్ళిలో లెన్స్ మార్చే హడావుడిలో నా బొటనవేలు అక్కడే పడింది. దీపాల చుట్టూ పాలు ఒలికినట్టు వెలుగు. స్తంభం చాటుకెళ్ళి ఊది, పెన్నుతో తీసి, జీలకర్ర బెల్లం వేళకి మళ్ళీ మండపంలో ఉన్నాను.