రామప్పకు సున్నా టికెట్టు, ఆటోకు ఏడు వందలు

హన్మకొండ నుంచి రామప్ప గుడికి మా వారు, నేను, అత్తగారు, గుంటూరు నుంచి వచ్చిన వదిన వెళ్లి వచ్చాం. నాకూ అత్తగారికీ బస్సు ఖర్చు ఒక్క రూపాయి లేదు. ఆటోకు మాత్రం ఏడు వందలు వదిలాయి. ఉచిత బస్సు దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. బస్సు లేని చోట ఆ ఉచితం ఎందుకూ కొరగాదన్నదే నా బాధ.

 

పొద్దున ములుగు మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 2023 డిసెంబరులో తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి అత్తగారి ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో ఆమె నడుముకే ఉంటుంది. చెల్లెలి ఊరికి వెళ్లాలంటే ఇదివరకు కొడుకును ఛార్జీ అడిగేవారు. ఇప్పుడు ఎవరినీ అడగరు, చెప్పి బయలుదేరుతారు. ఈ ఒక్క కారణం చాలు, నేను ఆ పథకం వైపు నిలబడటానికి.

వదినది ఆంధ్రా చిరునామా కాబట్టి 90 పెట్టి టికెట్టు కొనాల్సి వచ్చింది. ముఖం ముడుచుకుంది. "మాకూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉచిత బస్సు ఉంది, అక్కడ నీ కార్డూ చెల్లదులే" అని నాకు వడ్డించింది. రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే విషయమిది. మా వారు మరో 90 కట్టి దారంతా నిలబడే వచ్చారు. డబ్బిచ్చినవాడు నిలబడాలా అని ఆయన గొణుగుడు. న్యాయమే. అందుకు బస్సులు పెంచాలి గానీ ఆడవాళ్లను మళ్లీ టికెట్టు కొనమనకూడదు.

గుడి దాకా నేరుగా వెళ్లే బస్సు మాకు దొరకలేదు. జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగగానే ఆటో అతను తొమ్మిది వందలు అడిగాడు. బేరమాడితే రానూ పోనూ ఏడు వందలకు దిగి, గంటన్నర ఆగుతానన్నాడు. దారిలో తన గోడు చెప్పాడు: "ములుగు దాకా మనిషికింత అని ఎక్కించుకునేవాణ్ణమ్మా. ఇప్పుడు ఆడవాళ్లంతా బస్సుకే పోతున్నారు. బండి కిస్తీ మాత్రం ఆగదు కదా." అబద్ధమేమీ కాదు. ఆ దెబ్బ తగిలినవాళ్లకు ప్రభుత్వం దారి చూపాలి.

కానీ గంటన్నర ఆగుతానన్న మాట తప్పడం వేరు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు పొందింది. ఎత్తు మడమల పాదరక్షలు వేసుకున్న నల్లరాతి మదనిక శిల్పాన్ని చూసి వదిన అలక మరిచిపోయింది. అత్తగారు నంది దగ్గరికి ఇంకా రానేలేదు. అప్పటికి నలభై నిమిషాలే అయింది, బయట హారను మోత మొదలైంది! వెళ్లి అడిగితే, ఆగాలంటే ఇంకో రెండు వందలన్నాడు. ఇవ్వలేదు. చెరువు చూడకుండానే తిరుగుముఖం పట్టాం.

సాయంత్రం క్రాస్ దగ్గరికి వచ్చిన బస్సు ఫుట్‌బోర్డు దాకా నిండి ఉంది. అత్తగారు కాలు పెట్టలేకపోయారు. తర్వాతి బస్సుకు ముప్పావు గంట రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ల లెక్క ప్రకారం ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లించాలి. అది సకాలంలో అందాలి, కొత్త బస్సులు రావాలి, గుడి ఉన్న పాలంపేటకు పొద్దునా సాయంత్రమూ తప్పనిసరిగా బస్సు తిరగాలి.

వెళ్లేవాళ్లు ఆధార్ కార్డు ఒరిజినలే తీసుకెళ్లండి. మధ్యాహ్నం మూడింటికల్లా తిరిగి క్రాస్‌కు చేరండి. ఆటోకు డబ్బు మాత్రం తిరిగొచ్చి దిగాకే ఇవ్వండి.