శేషాచలం మంటలకు హెలికాప్టరా, పెద్ద విమానమా?

2014 మార్చిలో తిరుమల కొండల్లో అడవి అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చాయి. కింద వేలాడే బకెట్‌ను (పేరుకే బకెట్, వేల లీటర్లు పడతాయి) నీటిలో ముంచడం, మంటల మీద కుమ్మరించడం, మళ్లీ నీళ్లకు వెళ్లడం. వాటికి రన్‌వే అక్కర్లేదు. గోగర్భం, పాపవినాశనం, కుమారధార జలాశయాలు కొండ మీదే ఉన్నాయి కాబట్టి ట్రిప్పులు తొందరగా తిరుగుతాయి. ఇరుకు లోయలోనూ ఒకచోట నిలబడి, గురి చూసి పోయగలవు.

ఆస్ట్రేలియాలో బుష్‌ఫైర్ల మీదికి డీసీ-10 లాంటి పెద్ద జెట్లను కూడా పంపారు. ఒక్కసారికి సుమారు 35,000 లీటర్లు! మంట ముందు ఎర్రటి రిటార్డెంట్‌ను (మంటను నెమ్మదింపజేసే రసాయనం) గీతలా చల్లి దాని దారికి అడ్డం పడతాయి. కానీ నింపుకోవాలంటే ప్రతిసారీ స్థావరానికి వెళ్లి దిగాలి.

మన కొండలకు నా ఓటు హెలికాప్టర్‌కే. ఎర్రచందనం సహజంగా పెరిగే అడవి ఇది, ఆలస్యాన్ని తట్టుకోలేదు. అయితే ఏది ఎగిరినా, కింద ఆకులు ఊడ్చి ఫైర్‌లైన్లు (నిప్పు దాటకుండా ఖాళీ చేసిన దారులు) తీసే సిబ్బంది లేకపోతే నిప్పు మళ్లీ రాజుకుంటుంది. ఎండలు ముదరకముందే వాళ్లకు బ్లోయర్లు, మంచి బూట్లు, తాగునీళ్లు అందాలి.