గ్రాఫులు మొదలుపెట్టడానికి ఏది మేలు: వంతెనలా, రంగులా, దగ్గరి దారా?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పే తోటి టీచర్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. బిందువులు, గీతల గ్రాఫుల గురించే లెండి. ఇవి బార్ గ్రాఫులు కావని పిల్లలకు మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే స్కేలు పట్టుకుని అక్షాలు గీస్తారు.

పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా మ్యాపుకు రంగులు వేయమంటే పిల్లలు ఎగబడతారు. ఒకచోట ఇరుక్కుని, వెనక్కి వచ్చి రంగు మార్చుకోవడం మంచి అలవాటే. కానీ మ్యాపు మీదే రంగులు వేసేస్తే సరిపోతుంది కాబట్టి గ్రాఫు గీయాల్సిన అవసరమే రాదు. పైగా నాలుగు రంగులు ఎప్పుడూ ఎందుకు సరిపోతాయని అడిగితే క్లాసులో చూపించలేం. 1976లో అపెల్, హాకెన్ అనే గణిత శాస్త్రవేత్తలు కూడా కంప్యూటర్ సాయంతోనే దాన్ని రుజువు చేశారు.

అందుకే నా ఓటు కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనలకు. ఐరోపాలోని ఆ పాత నగరాన్ని నది నాలుగు భాగాలు చేసింది, వాటిని ఏడు వంతెనలు కలిపేవి. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరగాలి. పిల్లలు పెన్సిల్‌తో గీస్తారు, చెరిపేస్తారు, చివరికి కుదరదంటారు. ఎందుకు కుదరదని అడగండి, అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అది కారణం కాదు కదా. మా క్లాసులో ఒకమ్మాయి నది మధ్య ద్వీపం మీద వేలు పెట్టి, "టీచర్, వచ్చిన ప్రతిసారీ వెళ్లిపోవాలి. అంటే వంతెనలు జతలుగా ఉండాలి" అంది. లెక్కపెడితే ద్వీపానికి 5, మిగతా మూడు చోట్లకూ మూడేసి. అన్నీ బేసి సంఖ్యలే! బేసి రాగలిగేది మొదలుపెట్టిన చోట, ఆగిన చోట మాత్రమే. ఇక్కడ నాలుగు చోట్లా బేసే, అందుకే కుదరదు. 1736లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ చెప్పిందీ ఇదే. నది వెడల్పు, వంతెన పొడవు వదిలేసి లెక్క ఒక్కటే మిగుల్చుకోవడం పిల్లలకు అక్కడే అలవడుతుంది. కంప్యూటర్ చేయగలిగేలా సమస్యను విడగొట్టి ఆలోచించే కంప్యూటేషనల్ థింకింగ్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే.

దగ్గరి దారి లెక్కను ఎనిమిదో తరగతికి ఉంచుకోండి. చిన్న బొమ్మలో జవాబు కంటికే కనిపిస్తుంది, అతి దగ్గరి దారిని అంచెలంచెలుగా వెతికే డైక్‌స్ట్రా పద్ధతి అవసరం తెలియదు. స్క్రాచ్‌లో (పిల్లల ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాము రాయించడం ఆ తర్వాతి మాట.

వంతెనలకు రెండు పీరియడ్లు పెట్టుకోండి. రెండో రోజు ఒక వంతెన తీసేసి ప్రయత్నించమనండి. ఏది తీసినా నడక కుదురుతుంది. మొదలుపెట్టిన చోటికే తిరిగి రావాలంటే ఏ రెండు తీయాలో వాళ్లనే వెతకనివ్వండి.