ఇంటింటి సర్వే, క్యాంపు, ఓపీ: పీహెచ్‌సీలో బీపీ, షుగర్ పట్టుకోవడానికి ఏది మేలు?

ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి బీపీ, షుగర్ చూడాలన్నది జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం పెట్టిన నియమం. మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కింద 30 వేల జనాభా ఉంటే, అందులో ముప్పై దాటినవాళ్లు ఎంత తక్కువ వేసుకున్నా 11, 12 వేల మంది. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే రోజుకు 40 మందిని చూడాలి. వీళ్లను ఎక్కడ పట్టుకోవాలి? ఆశ, ఏఎన్ఎం ఇల్లిల్లూ తిరగాలా, ఊళ్లో క్యాంపు పెట్టాలా, జ్వరానికో మోకాళ్ల నొప్పికో ఓపీకి వచ్చినవాళ్లకు చూసేస్తే సరిపోతుందా? మూడూ అన్నిచోట్లా ఎంతో కొంత జరుగుతూనే ఉన్నాయి. కానీ మనుషులు, సమయం, స్ట్రిప్పులు ఎప్పుడూ తక్కువే కాబట్టి దేనికెంత పెట్టాలో మెడికల్ ఆఫీసరు తేల్చుకోక తప్పదు.

మా లెక్కలో ఓపీ మొదటిది, ఇంటింటి సర్వే రెండోది. క్యాంపు బాగా వెనక.

ఓపీ బలం ఏమిటంటే, బీపీ చూసిన గదికి పక్క గదిలోనే డాక్టరు, ఆ పక్కనే మందుల కిటికీ. రీడింగ్ ఎక్కువ వచ్చిన మనిషిని మరోచోటికి పంపే పని లేదు. అదనపు ఖర్చూ లేదు. ఓపీ చీటీ మీద ముప్పై దాటిన వయసు కనబడితే బీపీ రాయకుండా డాక్టరు దగ్గరికి పంపకూడదన్న ఒక్క కట్టుబాటు చాలు. బీపీ టేబుల్ ఎక్కడ వేశారన్నదీ ముఖ్యమే. రిజిస్ట్రేషన్ పక్కన వేస్తే ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే కఫ్ (చేతికి చుట్టే బీపీ పట్టీ) కట్టినట్టవుతుంది. వరస చివర, డాక్టరు గదికి ముందు వేసి, కూర్చోవడానికి నాలుగు కుర్చీలు పెడితే, అవసరమైన ఐదు నిమిషాల విశ్రాంతి వరసలోనే దొరుకుతుంది. పిల్లాణ్ని చూపించడానికి వచ్చిన తండ్రికి, అత్తను తీసుకొచ్చిన కోడలికి కూడా చూడాలి. తమకు జబ్బు లేదనుకునేవాళ్లు ఆసుపత్రిలో దొరికేది ఇలా తోడు వచ్చినప్పుడే.

ఓపీకి లోటు లేకపోలేదు. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తారు. ఏడాదిలో ఒక్కసారీ పీహెచ్‌సీ గడప తొక్కని నలభై ఏళ్ల మగవాడు రిజిస్టర్‌కు ఎక్కడు. అతన్ని చూడలేదన్న సంగతి కూడా రిజిస్టర్ చెప్పదు. పైగా నొప్పితో, జ్వరంతో వచ్చిన మనిషికి బీపీ తాత్కాలికంగా పెరిగి ఉండొచ్చు. అందుకని ఒక్క 150/94 చూసి బీపీ మనిషని ముద్ర వేయకుండా వారం తర్వాత మళ్లీ చూడాలి. 180/110 ఉంటే మాత్రం వాయిదా వద్దు, అప్పటికప్పుడు డాక్టరు చూడాల్సిందే.

ఇంటింటి సర్వే విలువ సరిగ్గా ఆ ఓపీకి రాని మనిషి దగ్గరే ఉంది. ఊళ్లో ముప్పై దాటినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎవరికి చూడలేదు అని పేర్లతో చెప్పగలిగేది ఇదొక్కటే. ఆశ నింపే సీబాక్ ఫారంలో (జబ్బు ముప్పు అంచనా వేసే పత్రం) వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, వ్యాయామం, కుటుంబంలో జబ్బులు అడిగి మార్కులు వేస్తారు. మొత్తం 4 దాటితే ఆ మనిషికి ముందుగా పరీక్ష చేయించాలి. 4 లోపు వచ్చినవాళ్లకు పరీక్ష అక్కర్లేదన్న పొరపాటు అభిప్రాయం చాలా సబ్‌సెంటర్లలో ఉంది. మార్కులు ముందెవరో వెనకెవరో చెబుతాయంతే, పరీక్ష అందరికీ చేయాలి. ఫారాలు నిజంగా నింపారా, కూర్చుని రాసేశారా తెలియాలంటే నడుము కొలతల వరస చూడండి. ఆడవాళ్లందరికీ 80, మగవాళ్లందరికీ 90 సెంటీమీటర్లు ఉంటే ఆ ఊళ్లో టేపు సంచిలోంచి బయటికి రాలేదన్నమాటే.

సర్వే దెబ్బతినేది రెండు చోట్ల. మొదటిది వేళ. పదకొండు గంటలకు వెళ్తే ముసలివాళ్లు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లే కనబడతారు. పొలానికో కూలికో పోయేవాళ్లు కావాలంటే పొద్దున్నే ఆరు, ఏడు మధ్య వెళ్లాలి, లేదా దీపాలు పెట్టే వేళకు. రెండోది, ఇంకా పెద్దది: రిఫరల్. "మీకు బీపీ ఉన్నట్టుంది, పీహెచ్‌సీకి వెళ్లండి" అన్న మాటతో ఆపేస్తే ఎక్కువమంది వెళ్లరు. నొప్పి లేదు, పైగా ఒక రోజు కూలి పోతుంది. దీనికి పరిష్కారం సబ్‌సెంటర్‌లోనే ఉంది. తెలంగాణ పల్లె దవాఖానాలో గానీ, ఏపీ విలేజ్ హెల్త్ క్లినిక్‌లో గానీ రెండో రీడింగ్ అక్కడి సిబ్బందే తీయాలి. డాక్టరు ఊరికి వచ్చే రోజు ఉంటే చీటీ మీద ఆ తేదీ వేసి ఇవ్వాలి. తేదీ లేని చీటీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే.

ఇక క్యాంపు. ఫొటోకు బాగుంటుంది, నివేదికలో అంకె పెద్దగా కనిపిస్తుంది. ఒకసారి లెక్క కట్టి చూద్దాం. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. కూర్చోబెట్టి, కఫ్ సరిచేసి, ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండు రీడింగులు తీసి రాయడానికి మనిషికి నాలుగు నిమిషాలైనా పడుతుంది. రెండు యంత్రాలతో ఎంత చకచకా చేసినా 120 మంది. అదే క్యాంపులో 300 మందికి చూశామని రాస్తే, విశ్రాంతి లేకుండా ఒక్కో రీడింగే తీశారని అర్థం, లేదా అదీ తీయలేదని. షుగర్ సంగతి కూడా అంతే. టీ, బిస్కెట్ ఇచ్చాక తీసిన రక్తంలో 140 దాటడం వింతేమీ కాదు. ర్యాండమ్‌లో, అంటే ఎప్పుడు తిన్నారో చూడకుండా తీసినదాంట్లో, 140, ఆపైన వస్తే అది అనుమానం మాత్రమే. పరగడుపున 126 గానీ, గ్లూకోజ్ తాగిన రెండు గంటల తర్వాత 200 గానీ వస్తేనే నిర్ధారణ. ఇంకో చిక్కు ఏమిటంటే, క్యాంపుకు వచ్చేవాళ్లలో ఇప్పటికే బీపీ గోళీలు వేసుకునేవాళ్లే ఎక్కువ. ఊరికే చూపించుకుందామని వస్తారు. కొత్త కేసులు అనుకున్నంత రావు.

అలాగని క్యాంపు పూర్తిగా మానక్కర్లేదు. మనుషులు పనిచేసే చోటికి వెళ్లి పెడితే ఫలితం వేరు. ఉపాధి హామీ పని జరిగే చోటు, రైసుమిల్లు, ఆటోస్టాండ్, గ్రానైట్ క్వారీ: ఇంటింటి సర్వేకు దొరకని మగవాళ్లు ఇక్కడే దొరుకుతారు. నోటి క్యాన్సర్ కోసం నోరు తెరిపించి పుండ్లు, తెల్లమచ్చలు చూడటం కూడా ఇక్కడే సులువు. గుట్కా, బీడీ వాడేవాళ్లు ఉండేదీ అక్కడే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షను మాత్రం క్యాంపుల్లో పెట్టొద్దు. తలుపు వేసుకునే గది, వెలుతురు, నమ్మకం లేకుండా అది జరగదు.

ఏ పద్ధతైనా కొలత తప్పయితే అంతా వృథా. చేయి గాల్లో వేలాడినా, ఒడిలో ఉన్నా, మాట్లాడుతున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా బీపీ ఎక్కువ చూపిస్తుంది. మామూలు కఫ్ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికే సరిపోతుంది. లావు చేతికి అదే కడితే లేని బీపీ వస్తుంది. ప్రతి పీహెచ్‌సీలో ఒక్క పెద్ద కఫ్ అయినా ఉండాలి. గ్లూకోమీటర్‌కు వేలి పక్కన గుచ్చాలి, స్పిరిట్ ఆరాక గుచ్చాలి. మామిడిపండు తిన్న చేయి కడుక్కోకుండా తీసిన రీడింగ్ నమ్మొద్దు. రక్తహీనత ఎక్కువగా ఉన్నవాళ్లలో యంత్రం అసలుకన్నా ఎక్కువ చూపించవచ్చు. మన ఊళ్ల ఆడవాళ్లకు రీడింగ్ తీసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

రిజిస్టర్ నిజం చెబుతోందా అని చూడటానికి చవకైన తనిఖీ ఒకటుంది. గత నెల రాసిన బీపీల్లో పై అంకెలు (150/94లో 150) వంద తీసుకుని, సున్నాతో ముగిసినవి లెక్కపెట్టండి. డిజిటల్ యంత్రంతో నిజంగా తీసి ఉంటే పదికి అటూఇటుగానే రావాలి. యాభై, అరవై వచ్చాయంటే కంటి అంచనాతో రాశారు, లేదా అసలు తీయలేదు. రెండో తనిఖీ: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి అటూఇటుగా, మగవాళ్లలో అంతకన్నా ఎక్కువగా బీపీ తేలింది, మందులు వాడేవాళ్లతో కలిపి. ముప్పై దాటినవాళ్లలో మీకు నూటికి ఆరుగురే కనిపిస్తే ఊరు ఆరోగ్యంగా ఉందని సంతోషపడే ముందు యంత్రాన్ని, దాన్ని పట్టుకున్న చేతిని చూడాలి.

ఎందరికి చూశామన్న అంకెతో నాణ్యతను కొలిస్తే క్యాంపే గెలుస్తుంది, అందుకే ఆ అంకెను నమ్మకూడదు. ఆసుపత్రులకిచ్చే కాయకల్ప్ అవార్డు మార్కులు పరిశుభ్రతను, వ్యర్థాల నిర్వహణను చూస్తాయి. అవీ కావాల్సినవే, కానీ బీపీ దిగిందో లేదో వాటిలో కనబడదు. 2017లో మొదలైన ఐహెచ్‌సీఐ (బీపీ అదుపు కోసం దేశంలో పెట్టిన కార్యక్రమం) తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అది నేర్పిన కొలత వేరు: జనవరి-మార్చిలో నమోదైనవాళ్లను ఏప్రిల్-జూన్‌లో చూసి, చివరి రీడింగ్ 140/90 కన్నా తక్కువ ఉన్నవాళ్లు ఎందరో లెక్కపెట్టడం. ఆ మూడు నెలల్లో రానివాళ్లను లెక్కలోంచి తీసేయకూడదు. వాళ్లకూ బీపీ అదుపులో లేనట్టే. ఈ కొలతతో చూస్తే ఓపీలో పట్టుకున్నవాళ్లు క్యాంపులో పట్టుకున్నవాళ్లకన్నా మెరుగ్గా నిలుస్తారు, ఎందుకంటే వాళ్లకు ఆసుపత్రి దారి ముందే తెలుసు.

వీటిలో ఏది పెంచినా ముందు స్టోర్‌రూమ్ చూసుకోవాలి. కొత్తగా వంద మందికి బీపీ మందు ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. రోజుకొకటి మొదలుపెడితే నెలకు 3,000 గోళీలు, రెండు నెలల నిల్వకు 6,000. అవి లేకుండా స్క్రీనింగ్ పెంచితే ఫార్మసిస్టు నెల గోళీలకు బదులు వారం గోళీలే ఇస్తాడు, మనిషి నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది, రెండోసారికే మానేస్తాడు. మందులు కోరే ఇండెంట్ క్యాంపు తేదీకి నెల ముందే వెళ్లాలి.