బస్తా గింజలా, నూకల అన్నమా?

మా ఇంట్లో ఉన్నది మామూలు ఊరకుక్క. దానికి బస్తాల్లో అమ్మే పొడి కుక్క తిండి గింజలు, ఇంట్లో చికెన్‌తో వండిన నూకల అన్నం, రెండూ పెట్టి చూశాను.

కిలో ధర చూస్తే నూకలు, చికెనే చవక అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. వండిన అన్నంలో మూడింట రెండొంతులు నీళ్లే, ప్యాకెట్ గింజల్లో తేమ దాదాపు 10 శాతం. అందుకే కిలో లెక్క కాదు, రోజు ఖర్చు లెక్క వేసుకోవాలి.

ఇంటి వంటలో అసలు లోటు కాల్షియం. ఎముక లేని మాంసం, అన్నంతో అది చాలదు, పశువైద్యుణ్ణి అడిగి విడిగా కలపాలి. ఉడికిన ఎముకలు పెట్టకూడదు, విరిగి గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి అస్సలు వద్దు. మన మిగిలిన కూర కలపడం కుదరదన్నమాట! కార్జం చవకే కానీ రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువవుతుంది.

గింజల్లో ఆ టెన్షన్ లేదు, లేబుల్ చదివితే చాలు. తేమ తీసేసి లెక్కిస్తే ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం ప్రొటీన్, పిల్లకు 22.5 శాతం ఉండాలి. పెద్ద బస్తా చవక, కానీ చిన్న కుక్కకు అది అయ్యేలోపు నూనె వాసన మారిపోతుంది.

కుక్కపిల్లకైతే గింజలే నా ఓటు. ఎదిగిన మా కుక్కకు పొద్దున గింజలు, రాత్రి అన్నం.