కారు ఏసీకి కంప్రెసర్ పోయిందని చెప్తే వెంటనే తలూపకండి, నేను ఊపి 18,900 పోగొట్టుకున్నా

నిన్న సాయంత్రం ఆ మెకానిక్‌ని అడుగుదామని మళ్ళీ వెళ్ళొచ్చా, ఇంకా ఒళ్ళు మండుతానే ఉంది. భీమవరంలో ఆ షెడ్డు పేరు రాయను, ఎండాకాలం వస్తే బయట నాలుగు కార్లు బానెట్లు ఎత్తి ఉంటాయే, అదే, మీకు తెలిసిపోద్ది.

ఏసీ నొక్కితే గాలి వస్తంది, చల్లదనం లేదు, కంప్రెసర్ ముందుండే క్లచ్ ప్లేటు పట్టట్లేదు, పుల్లీ ఒక్కటే బెల్టుతో తిరుగుతుంది, ప్లేటు దానికి అతుక్కుంటేనే కంప్రెసర్ తిరిగేది. షెడ్డాయన అరనిమిషం చూసి కంప్రెసర్ పోయిందండి అన్నాడు. మీటరు పెట్టింది లేదు, గ్యాస్ ప్రెజర్ చూసింది లేదు. కంప్రెసర్ 14,500, గ్యాస్ 1,800, ఆయిలు 600, కూలి 2,000. తెల్లకాగితం మీద బిల్లు.

మూడు రోజులు ఐసే. నాలుగో రోజు మా అత్తగారిని అమలాపురం తీసుకెళ్తుంటే చించినాడ బ్రిడ్జి మీద మళ్ళీ వేడి గాలి, ఆవిడ కొంగుతో విసురుకుంటూ "కొత్తది వేయించామన్నారు కదండీ అల్లుడుగారూ" అంటే ఏం చెప్తాం. అమలాపురంలో ఒక కుర్ర ఎలక్ట్రీషియన్ బానెట్ కింద ఫ్యూజు డబ్బా తీసి, ఏసీ రిలే, అదే క్లచ్‌కి కరెంటు పంపే చిన్న స్విచ్ డబ్బా, లాగేసి, నా బండిలో హారన్ రిలేది కూడా అదే నంబరంట, దాన్ని తెచ్చి అక్కడ గుచ్చాడు. టక్ మంది. ప్లేటు పట్టేసింది. పాత రిలే విప్పితే లోపల కాంటాక్టులు నల్లగా మాడిపోయున్నాయి, ఓసారి పట్టి ఓసారి పట్టకపోవడం అందుకే. కొత్త రిలే 180 రూపాయలు.

నా బుద్ధికి దండం పెట్టాలి. మాది రొయ్యల చెరువు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ తిరక్కపోతే ముందు ఫ్యూజు, తర్వాత స్టార్టరు చూస్తాను గానీ ఎప్పుడైనా కొత్త మోటారు కొన్నానా? కారు దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో.

నిన్న ఆ మాడిన రిలే పట్టుకెళ్ళి భీమవరం షెడ్డాయనకి చూపించా. ఆయన టీ గ్లాసు కింద పెట్టను కూడా పెట్టలేదు. "అప్పుడు బానే ఉందండి, మొన్న పోయుంటది" అన్నాడు. సరే నా పాత కంప్రెసర్ ఇవ్వండి, చూపించుకుంటా అన్నా. "ఆ ఇనప ముక్క ఏం చేసుకుంటారండి, సామానోడు పట్టుకెళ్ళిపోయాడు" అని పక్కనున్న కుర్రాడి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వేనండి, డబ్బుల కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

మీకెవరికైనా క్లచ్ పట్టకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడమనండి, గ్యాస్ తగ్గినా ప్రెజర్ స్విచ్ క్లచ్‌కి కరెంటు కట్ చేసేస్తది కాబట్టి అదీ చూడాలి. క్లచ్ కాయిల్‌కి 12 వోల్టులు వస్తూ కూడా పట్టకపోతే అప్పుడు కాయిలో క్లచ్చో అనుకోవచ్చు, అవి చాలా బండ్లకి విడిగా కూడా దొరుకుతాయి. ఏది మార్చినా పాతది డిక్కీలో పెట్టాకే డబ్బులివ్వండి. నాది ఈపాటికి రంగేసుకుని ఇంకెవరి బండిలోనో కొత్తదిగా తిరుగుతుంటది.