ఎంగెల్ కట్టిన ఊళ్ళు చూడాలంటే హెల్సింకితో ఆగకండి

ఫిన్లాండ్ వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది హెల్సింకి సెనేట్ స్క్వేర్‌లో, తెల్లటి కేథడ్రల్ మెట్ల మీద ఫోటోలు దిగి, అటునుంచి అటే లాప్లాండ్ విమానం ఎక్కేస్తారు. ఆ కేథడ్రల్‌కీ, ఆ చౌరస్తా చుట్టూ ఉన్న పెద్ద భవనాలకీ ప్లాన్ గీసింది కార్ల్ లుడ్విగ్ ఎంగెల్, 1778లో బెర్లిన్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్. ఆయన అసలు గొప్పతనం తెలియాలంటే మాత్రం రైల్లో రెండు గంటల దూరంలో ఉన్న తుర్కు వెళ్ళాలి. మా తమ్ముడు హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పోలో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి వేసవిలో రెండు ఊళ్ళూ తీరిగ్గా చూడగలిగాను.

ముందు హెల్సింకి సంగతి. 1808లో యుద్ధం జరుగుతుండగా ఊళ్ళో పెద్ద భాగం తగలబడింది. ఆ మరుసటి ఏడు ఫిన్లాండ్ రష్యా చేతికి వచ్చింది, 1812లో జార్ రాజధానిని తుర్కు నుంచి ఇక్కడికి మార్చాడు. కొత్త నగరం ప్లాన్ ఎరెన్‌స్ట్రోమ్ అనే అధికారి వేస్తే, భవనాలు గీయడానికి 1816లో ఎంగెల్ వచ్చాడు. ఈరోజు అందరూ ఐస్‌క్రీమ్ తింటూ తిరిగే ఎస్ప్లనాడి పార్కును కూడా అందం కోసమే పెట్టలేదు. ఇటు రాతి ఇళ్ళు, అటు చెక్క ఇళ్ళు, మధ్యలో మంట దాటకుండా అంత ఖాళీ.

కేథడ్రల్ కట్టడం 1830లో మొదలై 1852కి గానీ పూర్తవలేదు. ఎంగెల్ 1840లోనే చనిపోయాడు. నాలుగు మూలలా కనిపించే చిన్న గుమ్మటాలు, పైకప్పు మీది అపోస్తలుల విగ్రహాలు తర్వాత వచ్చిన ఆర్కిటెక్ట్ లోర్మన్ చేర్చినవి. మనం కూర్చునే ఆ మెట్లు కూడా మొదటి ప్లాన్‌లో లేవు, అక్కడ ఎంగెల్ గీసిన కాపలా భవనం ఉండేది. లోపల పెద్దగా అలంకారం ఏమీ లేదు, మేం వెళ్ళినప్పుడు టికెట్ కూడా పెట్టారు. నన్నడిగితే బయటినుంచి చూసి, పక్కనే ఉన్న నేషనల్ లైబ్రరీలోకి వెళ్ళండి. అదీ ఎంగెల్‌దే. డబ్బులేమీ అక్కర్లేదు. గుమ్మటం కింద, స్తంభాల వరస మధ్య నిలబడి పైకి చూస్తే, పుస్తకాల కోసం ఇంత ప్రేమగా కట్టారా అనిపించింది. అంత శ్రద్ధ ఎందుకో నాకు తుర్కు వెళ్ళాక అర్థమైంది.

హెల్సింకిలో మా హోటల్ స్టేషన్‌కి దగ్గర, అదొక్కటే సుఖం. జూలైలో ఎండ గట్టిగానే ఉంది, గదిలో ఏసీ లేదు, ఫ్యాన్ అడిగితే అయిపోయాయన్నారు. కిటికీ తెరిస్తే ట్రాముల చప్పుడు, మూస్తే ఉక్క. రాత్రి పదింటికి కూడా వెలుతురే కాబట్టి మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో ముందే అడగండి. బ్రేక్‌ఫాస్ట్ మాత్రం బాగుంది. వేడి గంజి, బెర్రీలు, రై పిండితో చేసిన చిన్న పడవల్లాంటి పీరక్కలు. వాటి లోపల బియ్యం పాయసంలాంటిది ఉంటుంది, తీపి ఉండదు. శాకాహారులు పైన రాసే గుడ్డు వెన్న వద్దని చెబితే చాలు. బయట తినాలంటే పనిరోజుల్లో మధ్యాహ్నం దొరికే 'లౌనస్' భోజనం నయం, అదే హోటల్లో రాత్రి బిల్లు చూస్తే గుండె గుభేల్మంటుంది. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు, సీసాలు కొనకండి.

తుర్కు రైలు టికెట్ ముందుగా బుక్ చేసుకుంటే బాగా తగ్గుతుంది. చివరి స్టేషన్ దాకా పోకుండా ముందు వచ్చే కుపిట్టాలో దిగితే మొదట చూడాల్సిన చోటు దగ్గర. అదే లూస్తారిన్‌మాకి. ఒక గుట్ట వాలు మీద, 1827లో తుర్కును తగలబెట్టిన మంటల్లో కాలకుండా మిగిలిపోయిన పేట. చెక్క ఇళ్ళన్నీ ఉన్నచోటే ఉన్నాయి, 1940 నుంచి హస్తకళల మ్యూజియంగా నడుస్తోంది. వేసవిలో తెరిచి ఉంటుంది, మిగతా నెలల్లో వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కోవాలి.

అక్కడి సందుల్లో నడిచాక నాకు ఊరు ఎలా తగలబడి ఉంటుందో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. చూరుకు చూరు ఆనుకుని ఉంది. ఒక పెరటి గోడే పక్కింటికి గోడ. దుంగల మధ్య సందుల్లో ఎండిన నాచు కుక్కారు. వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. మన దగ్గర తాటాకు ఇళ్ళ వాడలో వేసవి గాలికి ఒక కప్పు అంటుకుంటే ఏమవుతుందో చూసినవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు.

1827 సెప్టెంబర్ 4 సాయంత్రం ఒక వ్యాపారి ఇంట్లో మొదలైన నిప్పు తెల్లవారేలోగా తుర్కులో దాదాపు నాలుగింట మూడొంతులు మింగేసింది. అక్కడి కేథడ్రల్ గంటలు కరిగిపోయాయి. విశ్వవిద్యాలయం లైబ్రరీలో సుమారు 40,000 పుస్తకాలు బూడిదయ్యాయి. ఆ విశ్వవిద్యాలయాన్ని మరుసటి ఏడు హెల్సింకికి తరలించారు. నేను చూసిన ఆ లైబ్రరీ ఈ నష్టం మీద నిలబడిన భవనం.

కాలిపోయిన తుర్కుకి కొత్త ప్లాన్ వేసే పని ఎంగెల్‌కే అప్పగించారు. 1828లో ఆ ప్లాన్ ఆమోదం పొందింది. వీధులు వెడల్పు చేశాడు, ఇళ్ళు ఎత్తు తగ్గించాడు, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ వదిలాడు, ఆ ఖాళీల్లో ఆకులు దట్టంగా ఉండే చెట్లు నాటించాడు. పచ్చటి ఆకు నిప్పురవ్వల్ని ఆపుతుందని. ఈ రోజుకీ ఔరా నది దగ్గరి నుంచి మార్కెట్ చౌరస్తా వైపు నడిస్తే వీధులు తిన్నగా, గాలి ఆడేలా ఉంటాయి. స్తంభాలకంటే ఈ ఖాళీలే నాకు ఎక్కువ నచ్చాయి. ఊరికి ఊపిరి పీల్చుకునే జాగా ఇచ్చిన మనిషి ఆయన.

ఆ ప్లాన్ ప్రకారం లూస్తారిన్‌మాకిని కూడా కూల్చేయాలి. పని ఏళ్ళ తరబడి వాయిదా పడటంతో అది బతికింది. ఎంగెల్ ప్లాన్ ప్రకారం తర్వాత కట్టిన చెక్క ఇళ్ళలో చాలావాటిని 1950, 60ల్లో పడగొట్టి కాంక్రీట్ అపార్ట్‌మెంట్లు లేపారు. ఫిన్లాండ్‌లో ఊళ్ళని అలా పాడుచేయడాన్ని 'తుర్కు జబ్బు' అనే అంటారట. కాబట్టి పాత ఇళ్ళ వరసల కోసం చూస్తే నిరాశే, వీధుల గీత చూడండి. చెక్క ఇళ్ళ పేట కావాలంటే తుర్కులోనే ఉన్న పోర్ట్ ఆర్థర్ వైపు వెళ్ళండి, అవి తర్వాతి కాలానివే అయినా ముచ్చటగా ఉంటాయి.

తప్పకుండా ఎక్కాల్సింది వార్తియోవూరి గుట్ట. పైన అబ్జర్వేటరీ కూడా ఎంగెల్ గీసిందే, 1819 నాటిది, ఎత్తు మీద ఉండి మంటల్ని తప్పించుకుంది. ఆ రాత్రి అర్గెలాండర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇక్కడ నక్షత్రాలు చూస్తున్నాడు. ఊరు కాలిపోవడంతో పరిశీలన ఆగిందని తన లెక్కల పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత హెల్సింకిలో ఆయన కోసం ఎంగెల్ ఇంకో అబ్జర్వేటరీ కట్టాడు, 1834లో పూర్తయింది. తుర్కులో లూస్తారిన్‌మాకి, వార్తియోవూరి గుట్టలు రెండూ చూస్తే చాలు, మిగతా లిస్టులో కొన్ని తీసేసినా ఫర్వాలేదు.

తుర్కులో నది పక్కన అద్దె అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. హోటల్ కంటే చవక, వంటగది ఉంది, బిల్డింగ్‌లో సౌనాకి, అంటే ఆవిరి స్నానపు గదికి, వారంలో మన వంతు రాసుకోవచ్చు. "అక్కా, ఇక్కడే ఇంకో రెండు రోజులుండు" అని తమ్ముడే అన్నాడు. 1896 నాటి మార్కెట్ హాలులో కాఫీ, దాల్చినచెక్క రొట్టె తిని, ఫోరి అనే చిన్న పడవలో నది దాటాం. 1904 నుంచి నడుస్తోంది, టికెట్ లేదు, సైకిళ్ళతో సహా ఎక్కించుకుంటారు. నడవలేని పెద్దవాళ్ళు వస్తే గుట్ట మెట్లు మాత్రం కష్టం, వాళ్ళని నది ఒడ్డున బెంచీల దగ్గర కూర్చోబెట్టి వెళ్ళొచ్చు.

పొద్దున వచ్చి సాయంత్రం తిరిగిపోవాలనుకుంటే మ్యూజియం, గుట్ట, కేథడ్రల్ కుదురుతాయి, తుర్కు కోట మాత్రం కుదరదు. కోట కూడా కావాలంటే ఒక రాత్రి ఉండండి.